క్యాను మీద బల్లి

నేను ఒక ఇరవై లీటర్ల నీళ్ల క్యానును. నన్నెవరూ చేత్తో చేయలేదు. ప్లాస్టిక్ గింజల్ని కరిగించి, మూసలో గాలి ఊది, ఒక యంత్రం నన్ను కని పక్కకు తోసేసింది. నాలాంటి తోబుట్టువులు వేలమంది. అందరిదీ ఒకే నీలిరంగు, ఒకే ముఖం.

పెడనలోని ఒక వాటర్ ప్లాంటుకు చేరాను. రోజుకో ఇంట్లో కాపురం. దాహం వేస్తే మెడ పట్టుకుంటారు, ఖాళీ కాగానే గుమ్మం బయట నిలబెడతారు. మనుషుల ప్రేమ అంతే కాబోలని సరిపెట్టుకున్నాను.

ఒకనాడు ఆటోలోంచి జారి రోడ్డున పడ్డాను. పగల్లేదు గానీ, పొట్ట మీద వంకరటింకర గీత ఒకటి మిగిలింది.

ప్లాంటులో క్యాన్లు కడిగే మనిషి రూతమ్మ. దెబ్బతిన్న క్యానుకు నల్ల మార్కరుతో ఇంటూ గుర్తు పెట్టి పక్కన పడేయడమూ ఆమె పనే. ఆమె నన్ను ఒళ్లో పెట్టుకుని ఆ గీతను వేలితో తడిమింది. ఇంటూ పెట్టలేదు. గీతకు ఒక చివర తల, ఇటు రెండు అటు రెండు కాళ్లు, కొసకు వంపు తిరిగిన తోక వేసింది. నేను నిర్ఘాంతపోయాను. నా ఒంటి మీద బల్లి!

మర్నాడు నన్ను నాంచారయ్య ఇంట్లో దింపారు. ఆయన కలంకారీ అద్దకానికి చెక్క అచ్చులు చెక్కుతాడు. నలభై ఏళ్లుగా అవే తీగలు, అవే మామిడిపిందెలు. కొత్త అచ్చు కావాలని అద్దకంవాళ్లు అడిగి అడిగి వేరేచోటికి వెళ్లిపోయారు. ఆయన ఉలి ముట్టి నెలయింది.

ఆయన భార్య భ్రమరాంబ గ్లాసుతో వచ్చి నన్ను చూసి గావుకేక పెట్టింది.

"ఏవండీ! బల్లి! నీళ్ల క్యాను మీద బల్లండీ!"

నాంచారయ్య చెప్పు విసిరాడు. అది నా పొట్టకు తగిలి కిందపడింది. బల్లి కదల్లేదు. రెండో చెప్పూ విసిరాడు. కదల్లేదు. ఊపిరి బిగబట్టి దగ్గరకొచ్చి వేలితో తాకాడు. తాకినవాడు తాకినట్టే నేల మీద కూలబడ్డాడు.

"బొమ్మే ఇది! దెబ్బను బల్లి చేసేశారే! ఎవరబ్బా, ఇంత ధైర్యంగా?"

అప్పటికే భ్రమరాంబ ప్లాంటుకు ఫోను చేసి దులిపేస్తోంది. ఆయన నాలోని నీళ్లు బిందెలోకి ఒంపేసి, నన్ను భుజాన వేసుకుని ప్లాంటుకు బయల్దేరాడు.

అక్కడ ఓనరు మోహనరావు మండిపడుతున్నాడు. "రేపట్నుంచి పనిలోకి రావద్దు!"

తడి చీరకొంగుతో నిలబడ్డ రూతమ్మ మమ్మల్ని చూసి ఎదురొచ్చింది. "తప్పయిపోయింది అయ్యగారూ, ఇప్పుడే తుడిచేస్తాను" అంటూ నన్ను లాక్కుని, గుడ్డను థిన్నరులో ముంచి ఒక్క రుద్దు రుద్దింది.

"ఆగమ్మా!" అని నాంచారయ్య అరిచేసరికి బల్లి లేదు. గీతను కూడా కప్పేసిన నల్లటి మరక మాత్రం ఉంది.

"ఎంత పని చేశావమ్మా!" అన్నాడు ఆయన. తిట్టడానికి వచ్చాడనుకున్న మనిషి కళ్లు తుడుచుకుంటుంటే ఆమె గుడ్డ పక్కన పెట్టేసింది.

"మళ్లీ గీయగలవా?"

"అది రాదండి. గీత ఎటు పోతే నేనటు పోయాను. ఇంకోటేదైనా వస్తాది."

ఆమెను ఇంటికి పిలిచి, టేకుచెక్క ముక్క చేతికిచ్చాడు. చెక్కలో ముడి ఉందని మూల పడేసిన ముక్క. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, "పీత కూచునుందండి ఇక్కడ" అంది. ముడి చుట్టూ డెక్కలు, కాళ్లు గీసింది. ఆయన ఉలి అందుకున్నాడు. భోజనానికి భ్రమరాంబ మూడుసార్లు పిలిచినా లేవలేదు.

నన్ను కూడా అడిగి తెచ్చుకున్నాడు. నా మూతి కోసి, కొత్త అచ్చులు నానడానికి నూనె పోశాడు. పీత అచ్చు నాలోకి దిగే ముందు, దాని పిడి మీద పేరు వేయమన్నాడు.

"నాకు రాతలు రావయ్యగారూ."

ఆయన కాగితం మీద ఆమె పేరు రాసిచ్చాడు. "ఇదా నేను? ఈ చివరిది నత్తలా ఉందే!" అంటూ రూతమ్మ కాసేపు దాన్ని చూసింది. తర్వాత పెన్సిల్ తీసుకుని, చేయి వణక్కుండా, ఉన్నదున్నట్టు పిడి మీద దింపేసింది.

ఆమె తన పేరును వేలితో తడిమింది.

"ఇన్నేళ్లూ ఇది రాయడం అనుకున్నానండీ," అంది. "గీయడమేనా?"