లోపలి నునుపు

"బయట ఎలా ఉన్నా ఫరవాలేదు. కొనేవాళ్ళు వేలు పెట్టి చూసేది లోపలే," అంటూ భర్త మరో పది చెక్క గిన్నెలు ఆమె ముందు పేర్చి వెళ్ళాడు.

లేత్ మిషన్ మీద దుంగను తిప్పి గిన్నెగా తొలిచేది అతను. గరుకు కాగితం మడిచి లోపలి వంపులన్నీ నున్నగా రుద్దేది ఆమె. అడుగున చెక్కే పేరు మాత్రం అతనిది. పెళ్ళైన కొత్తలో ఒకసారి, "మరి నా పేరో?" అని నవ్వులాటకే అడిగింది. "అంట్లు తోమినందుకు గిన్నెల మీద పేరు వేస్తారా ఎవరైనా?" అన్నాడు. అతనూ నవ్వులాటకే అన్నాడు. ఆ మాట పదకొండేళ్ళుగా ఆమె గొంతులో చెక్కపొట్టులా అడ్డం పడి ఉంది.

ఆమెకు ముందు ఈ పని అత్తగారిది. ముప్ఫై ఏళ్ళు చేసింది. నాలుగేళ్ళ క్రితం మాట్లాడటం మానేసి మంచం పట్టింది. మాట ఆగింది గానీ చెయ్యి ఆగలేదు. కుడిచేతి మూడు వేళ్ళు దగ్గరికి చేర్చి, దుప్పటి మీద గుండ్రంగా రుద్దుతూనే ఉంటుంది. నిద్రలోనూ అంతే. ఏ దుప్పటైనా అక్కడే చిరుగుతుంది. "అలవాటు ప్రాణం, ఏం చేస్తాం," అంటాడు భర్త. ఇల్లంతా వినబడే ఆ సుయ్ సుయ్ చప్పుడు తన కాగితానిదో, అత్తగారి దుప్పటిదో ఆమెకు తెలిసేది కాదు. రెండూ ఒకే వేగంతో నడిచేవి. మొదట్లో భయం వేసేది. రానురాను ఆ భయం కూడా అరిగిపోయింది.

ఆ మధ్యాహ్నం కూతురు బడి నుంచి వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. ఎదురుగా ఉన్న గిన్నెలు, పొయ్యి మీది అన్నం, అత్తగారికి మార్చాల్సిన పక్క, అన్నీ తలలో గిర్రున తిరుగుతుంటే ఆమె అలాగే కూర్చుండిపోయింది.

"అమ్మా, మండుతోందే."

చూస్తే తన మూడు వేళ్ళు పిల్ల చెంప మీద గుండ్రంగా తిరుగుతున్నాయి. చేతిలో కాగితం లేదు. చెంప మాత్రం కందిపోయి, ఒకచోట చర్మం లేచింది.

"ఎప్పట్నుంచే ఇలా?"

"పడుకున్నప్పట్నుంచీ. ఆపమంటే వినలేదు. ఇంకా గరుగ్గానే ఉంది అన్నావు."

ఆ మాట అన్నట్టే ఆమెకు తెలియదు. లేచి లోపలి గదిలోకి వెళ్ళి, తిరుగుతున్న అత్తగారి చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"అత్తయ్యా, పిల్ల చెంప కందిపోయేలా రుద్దేశాను. మీకూ ఇలాగే మొదలైందా?"

చెయ్యి ఆగింది. ముసలావిడ కోడలి చేతిని వెలుతురు వైపు తిప్పి, వేళ్ళ కొసలు బొటనవేలితో తడిమింది. ఆ బొటనవేలు గాజులా ఉంది. ఒక్క గీత లేదు.

"నీ మొగుడి చెంప కూడా కందింది, చిన్నప్పుడు," అంది, తుప్పు పట్టిన గొంతుతో. "నేను మానలేదు. నీకింకా గీతలున్నాయి. మానెయ్."

బయట మిషన్ ఆగింది. "అయ్యాయా?" అని భర్త కేకేశాడు.

ఆమె గిన్నెలన్నీ ఎత్తుకెళ్ళి అతని ముందు దించింది. "ఇకనుంచి లోపల కూడా మీరే రుద్దుకోండి."

"మరి నువ్వేం చేస్తావట?" అని నవ్వబోయాడు. అంతలో ఇంట్లో ఏ చప్పుడూ లేదని అతనికి తెలిసింది. లోపలి గది వైపు చూశాడు. అతని చెయ్యి దానంతట అదే తన చెంప మీదికి వెళ్ళడం ఆమె చూసింది.

ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని, మందుల షాపు వైపు నడిచింది.