రెండో కెమెరా

“వచ్చేసిందట. కాస్త అన్నీ పోల్చి చూసి, ఏది కొనాలో రాసి పెట్టు” అన్నాడు భర్త, ఫోన్లోంచి తలెత్తకుండానే.

ఆమె చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. సింకులో అడుగంటిన పాలగిన్నె. వచ్చింది కెమెరా అని ఆమెకి వేరే చెప్పక్కర్లేదు. ఆర్నెల్లుగా ఆ ఇంట్లో దానికోసం దగ్గర చుట్టం కోసం చూసినట్టు ఎదురుచూస్తున్నారు. నిజానికి ఇంకా కొట్లోకి రాలేదు, కంపెనీవాళ్ళు ప్రకటించారంతే. ముందుగా చెప్పి పెట్టుకున్నవాళ్ళకి నెల రోజుల్లో చేతికిస్తారట. పాత కెమెరా తెచ్చిస్తే ధర తగ్గిస్తారట.

“పాతదంటే ఏది?” అని అడిగింది, తెలిసే.

“నీదే. నాది నువ్వు వాడుకుందువులే.”

అన్న విడిచిన చొక్కా తమ్ముడికి దిగినట్టు ఆయనది ఆమెకి దిగుతుంది, ఆమెది కొట్టుకి పోతుంది. అందులో ఆయనకి వింతేమీ కనిపించలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణానికి ఆమెకీ కనిపించలేదు. గిన్నె తోముతూనే, కొత్తది బరువెంత ఉంటుందో అనుకుంది.

వాళ్ళది ఇంటి కింద గదిలోనే స్టూడియో. పెళ్ళిళ్ళకి ఇద్దరూ వెళ్తారు. ఆయన పెద్ద దీపాలు పెట్టుకుని వేదిక ముందుంటాడు. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గదుల్లోకి మగవాళ్ళని రానివ్వరు కాబట్టి అక్కడికి ఆమె వెళ్తుంది. ఫొటోగ్రాఫర్ల సంఘంలో ఆమెని అందరూ ‘రెండో కెమెరా’ అనే అంటారు. మొదట్లో వేళాకోళం, తర్వాత అలవాటు, ఇప్పుడు అదే పేరు. కొత్తగా వచ్చినవాళ్ళకి భర్త పద్నాలుగేళ్ళుగా ఒకే మాట చెబుతాడు: “నేను తీస్తాను, మా ఆవిడ సర్దుతుంది.” సర్దడమంటే ఏమిటో ఎవరూ అడగరు. రెండు కెమెరాల్లోంచి నాలుగైదు వేల ఫొటోలు కంప్యూటర్లోకి దించి, ఏ నిమిషానికి ఏది తీశారో ఆ వరసలో అన్నిటికీ కొత్త నెంబర్లు వేసి, కళ్ళు మూసుకున్నవీ కదిలిపోయినవీ ఏరేసి, రంగులు దిద్ది, ఆల్బమ్ కట్టడం. అల్మారాలో డబ్బాలు సర్దినా సర్దడమే, ఇదీ సర్దడమే.

ఆదివారం పొద్దున పని తెమిలాక, పాత నోటు పుస్తకంలో గళ్ళు గీసుకుని కూర్చుంది. పోటీలో మూడున్నాయి. కొత్తగా ప్రకటించింది ఒకటి. అవతలి కంపెనీది, ఏడాదిగా అమ్ముడవుతున్నది ఇంకొకటి. తాము వాడే కంపెనీదే, పోయినేటి పెద్ద మోడల్ మూడోది. ఫొటో ఎంత పెద్దదిగా వస్తుంది, చీకట్లో ఎంత శుభ్రంగా వస్తుంది, సెకనుకి ఎన్ని తీస్తుంది, ఉన్న లెన్సులు పనికొస్తాయా అని రాసుకుంటూ పోయింది. చివర ‘చేతికి’ అని ఇంకో గడి గీసింది. కాగితం మీది బరువు కాగితం మీదే ఉంటుంది. ఆరు గంటలు మోస్తే ఎలా ఉంటుందో ఏ కంపెనీ రాయదు. మూడేళ్ళుగా ఆమె కుడి మణికట్టు సాయంత్రానికి వాచిపోతోంది. అందుకని వంటింట్లోకి వెళ్ళి, మూడు సంచుల్లో బియ్యం పోసి, లెన్సుతో కలిపి ఒక్కో కెమెరా ఎంతుంటుందో అంతకి తూచింది. ఒక్కో సంచినీ కంటి ఎత్తుకి ఎత్తి పట్టుకుని గోడ గడియారం చూస్తూ నిలబడింది.

అత్తగారు గుమ్మంలో ఆగి చూసింది. “బియ్యాన్ని ఫొటో తీస్తున్నావా ఏంటి?”

విషయం చెబితే ఆవిడ నవ్వింది. మోసేవాడు వాడు కదా, కందకు లేని దురద కత్తిపీటకెందుకంది. ఆమె కూడా నవ్వింది. ఈ ఇంట్లో ఆమె నవ్వి వదిలేసిన మాటలు పోగేస్తే ఇంకో సంచి నిండుతుంది.

పెద్ద మోడల్ సంచికి నాలుగు నిమిషాలకే మణికట్టు పీకింది. అవతలి కంపెనీది ఫరవాలేదు గాని దాని చప్పుడు పెద్దదని వాడినవాళ్ళందరూ రాశారు. కొత్తదాని సంచి పదిహేను నిమిషాలు పట్టుకున్నా చెయ్యి వణకలేదు. పైగా దీపం లేని గదుల్లో కూడా మచ్చ లేకుండా తీస్తుందట, మీట నొక్కితే పక్కవాళ్ళకి కూడా వినపడదట. ఆమె ఆ వాక్యాలు మళ్ళీ చదివింది. ఇరుకు గదులు, మసక వెలుతురు, చప్పుడైతే తుళ్ళిపడే మనుషులు, ఇదంతా ఆమె పనే. ఎవరో దూరాన కూర్చుని ఆమె చెయ్యి కొలత తీసుకుని చేసినట్టుంది ఆ కెమెరా. దీపాలు పెట్టుకుని తీసే ఆయనకి ఈ మూడింట్లో ఏదైనా ఒకటే. ఆ మాట గళ్ళ కింద రాయబోయి ఆగి, ‘కొత్తది మంచిది, తీసుకోవచ్చు’ అని రాసింది.

అక్కడితో ఆపేసి లేచినా బాగుండేది. ఇంతకాలం తాము ఎంత మసకలో తీస్తున్నామో లెక్క చూస్తే ఇంకా గట్టిగా చెప్పొచ్చనిపించి, పాత ఫొటోల అసలు ఫైళ్ళు తెరిచింది. మొదట తెరిచింది స్టూడియో గోడకి వేలాడదీసిన ఫొటోనే.

ఆ ఫొటో ఆ స్టూడియోకి అన్నం పెట్టింది. పెళ్ళికూతురి తల్లి, పెదాల మధ్య నాలుగు పిన్నీసులు బిగించి పట్టుకుని, కూతురి భుజం మీది బట్ట సర్దుతూ అద్దంలోకి చూస్తోంది. పిల్ల కిందికి చూస్తోంది. తల్లి కళ్ళు నిండాయి, నోట్లో పిన్నీసులుండబట్టి ఏడవడానికి లేదు. ఆరేళ్ళ కిందట సంఘం పోటీలో దానికి మొదటి బహుమతి వచ్చింది. భర్త వేదికెక్కి, అరగంట గోడకానుకుని ఊపిరి బిగబట్టి నిలబడ్డానని చెప్పాడు. తర్వాత స్టూడియోకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. ఆయన లేనప్పుడు ఆమే చెప్పేది, పక్కన ‘ఆయనకి ఓపికెక్కువ’ అని కలిపి మరీ.

తెర మీద ఫొటో వివరాలు ఓ మూల వరసగా పడ్డాయి. వెలుతురెంత, లెన్సేది, కెమెరా మోడలేది, దాని కింద కెమెరా సొంత నెంబరు. ఆ రోజుల్లో ఇద్దరివీ ఒకే మోడల్, రంగులు కలవాలని అలా కొన్నారు. ఆయనది మూడేళ్ళ కిందటే అమ్మేసి వేరేది కొన్నారు. ఆమె తెర మీది ఆ నెంబరు చూసింది. లేచి వెళ్ళి బీరువాలోంచి తన కెమెరా తీసి, బోర్లించి, అడుగున అరిగిపోయిన అంకెలు వేలితో తుడిచి చదివింది. మళ్ళీ వచ్చి తెర మీద చదివింది. రెండూ ఒకటే.

ఆ ఫొటో తీసింది తను.

సంతోషం వేయాలి కదా. వేయలేదు. ఆమె కళ్ళు మూసుకుని ఆ గదిని గుర్తు తెచ్చుకోవాలని చూసింది. అద్దం ఎటుంది, తను ఎక్కడ నిలబడింది, ఆ తల్లిని చూసినప్పుడు తనకేమనిపించింది? ఎంత వెతికినా గోడకానుకుని ఊపిరి బిగబట్టిన భర్తే కనిపిస్తున్నాడు. మగవాళ్ళని రానివ్వని గదిలో ఆయన ఎలా ఉంటాడని ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆయన చెప్పగా విని, విన్నది తనూ చెప్పి, చెప్పీ చెప్పీ తన రోజు మీద తనే సున్నం కొట్టేసుకుంది. బయటి దొంగైతే కనీసం తలుపు వేసుకునేది. ఈ దొంగతనానికి దీపం పట్టి దారి చూపించింది తనే. ఫొటో పోయినందుకు కాదు, దాన్ని తీసిన క్షణం పోయినందుకు ఆమెకి ఏడుపొచ్చింది.

భోజనాలయ్యాక భర్తకి చూపించింది. ఆయన అంకెలు రెండుసార్లు చూశాడు. అబద్ధమాడుతున్న మొహం కాదది, నిజంగానే తికమకపడ్డ మొహం.

“ఆ రోజు నీ కెమెరా నేను పట్టుకున్నానేమో” అన్నాడు చివరికి.

“ఆ గదిలోకి మిమ్మల్ని రానిచ్చారా?”

“గుమ్మంలోంచి తీసుంటాను. సరే, పోనీ, నువ్వే తీశావా? గుర్తుందా నీకు?”

గుర్తులేదు. అవునని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఆయన తేలికపడ్డాడు. ఎవరు తీస్తే ఏమిటన్నాడు, ఇంట్లో కూర ఎవరు వండారని అడిగి తింటున్నామా అన్నాడు. ఇంట్లో కూర ఎవరు వండారో అడగక్కర్లేదు కాబట్టే ఎవరూ అడగరని అప్పుడు తట్టలేదామెకి. కంచాలు తీస్తూంటే తట్టింది.

మర్నాడు మధ్యాహ్నం కొత్తదానికి ముందుగా చెప్పి పెట్టడానికి కొట్టుకి వెళ్ళారు. కొట్టాయన కుర్చీ భర్తకి వేశాడు. అద్దాల బల్ల మీద కొత్త కెమెరా బొమ్మలున్న కాగితం పరిచి చెప్పబోతే, భర్త తనే అందుకున్నాడు. చీకట్లో బాగా వస్తుందని, చప్పుడుండదని, చేతికి తేలికని. ఆమె రాసిన మాటలే, రాసిన వరసలోనే. కొట్టాయన మీకు తెలియందేముంది సార్ అన్నాడు. ఆమె చేతిలోని పాత కెమెరా తీసుకుని కంప్యూటర్‌కి తగిలించి, ఇప్పటికి ఎన్నిసార్లు నొక్కారో చూశాడు.

“లక్షా డెబ్భై వేలు దాటింది సార్. బాగా వాడేశారు. దీనికి పెద్దగా రాదు.”

“అది నాది కాదులెండి, మా ఆవిడ చేతిలో ఉండేది.”

“అదీ సంగతి” అని నవ్వాడు కొట్టాయన. “ఏం పడుతుందో తెలియనప్పుడు నొక్కుతూనే ఉంటారు.”

భర్త కూడా నవ్వాడు. అందులో పెద్ద దురుద్దేశమేమీ లేదు, ఎదుటివాడు నవ్వితే నవ్వే నవ్వు. ఆమె మాత్రం లక్షా డెబ్భై వేల సార్లు ఎక్కడెక్కడ నిలబడిందో లెక్కేసుకోవాలని చూసింది. ఎన్ని గదులు, ఎంతమంది తల్లులు. ఒక్కరూ సరిగ్గా గుర్తు రాలేదు. కొట్టాయన రసీదు పుస్తకం తెరిచి, పాతది తీసుకున్నట్టు రాయడానికి కలం మూత తీశాడు. ఆమె చెయ్యి చాచి బల్ల మీది కెమెరా తీసుకుంది.

“ఇది ఇవ్వను.”

“ఇది ఇస్తేనే ధర తగ్గేది, లేకపోతే కొత్తదెలా కొంటాం? మంచిదని నువ్వే కదా రాశావు?” అన్నాడు భర్త, గొంతు తగ్గించి.

“మంచిదే. నాకే కావాలనిపించింది కూడా.” చెప్పేటప్పుడు ఆమెకి బియ్యం సంచి ఎంత తేలిగ్గా ఉందో గుర్తొచ్చింది. “అయినా వద్దు.”

“ఆ గోడ మీది ఫొటో గురించేనా ఇదంతా? సరే, నువ్వే తీశావనుకుందాం. ఇక ఈ పాతది ఎందుకు?”

ఆమె కెమెరా బోర్లించి, అడుగున ఉన్న అంకెలు ఆయన వైపు తిప్పింది.

“అనుకోవడం కాదండీ. అది నేను తీశానని మీకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. ఈ నెంబరు ఒక్కటే చెబుతోంది. ఇది కూడా ఇచ్చేస్తే, ఆ గదిలో నేను లేనని రేపు మళ్ళీ నేనే నమ్ముతాను.”