అంచు వెంట కరెంటు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు: కోదాడ కాలేజీలో ఫిజిక్సు చెప్పే జవహర్ అన్న, గౌరీ వదిన, అన్నతో పనిచేసే సైదులు సారు, మోతీలాల్ సారు, అన్న చెల్లెలు నీల. నీల బయట చేరింది కాబట్టి వదిన నాలుగు కప్పుల చాయే పెట్టింది.

పెన్‌పహాడ్ దగ్గరి వాళ్ల తండాలో ముట్టుకు ఇంత పట్టింపు లేదు. కోదాడలో కిరాయికి దిగాక, ఓనరమ్మ ఏమనుకుంటుందోనని వదిన నేర్చుకుంది. ఆ మూడు రోజులు నీల పడక వెనక వరండాలో. నడింట్లోంచి పోవాల్సివస్తే గోడ వెంబడే పోవాలి. వంటకే అంటు, ఇంటిల్లిపాది బట్టలు ఉతకడానికి ఏ అంటూ లేదు. వీధి కుళాయి ఇంటి ముందు, ఉతికే బండ వెనక. పొద్దటి నుంచి బకెట్‌తో గోడను రాసుకుంటూ తిరుగుతూనే ఉంది.

మిర్యాలగూడ సెమినార్‌లో చెప్పబోయేది అన్న సార్లకు ముందే వినిపిస్తున్నాడు. నడింటి నేల మీద సుద్దముక్కతో, ఏ అడ్డూ లేకుండా కరెంటును పోనిచ్చే సూపర్‌కండక్టర్లు అటొకటి ఇటొకటి, నడుమ పలుచని రేకు గీశాడు.

"గట్టి అయస్కాంతం పెట్టి, బాగ చల్లగ చేస్తే రేకు నడుమల కరెంటు పోదు. ఒక అంచున పోతది, ఇంకో అంచున మళ్లొస్తది. గా అంచులే రెండింటిని కలుపుతయ్."

"పోరగాండ్లకు ఎట్ల చెప్తవయ్యా గిది?" అన్నాడు సైదులు సారు.

అప్పుడే నీల నిండు బకెట్‌తో లోపలికొచ్చింది.

"గదో, మా నీలను సూడున్రి! నడుమ అడుగు పెడ్తదా? మూడు దినాలు అంచే!" అన్నాడు అన్న.

సైదులు సారు చాయ పొలమారేదాకా నవ్వాడు. మోతీలాల్ సారు తల దించుకుని నవ్వాడు. నీల చెవులు కాలిపోయాయి. లంగా వెనక మరక ఉందేమో. ఎండాకాలం పోతే తను కూర్చోవాల్సింది ఈ సార్ల క్లాసులోనే. అన్నిటికన్నా సిగ్గు, పొద్దటి నుంచి గోడ పక్క విన్నదంతా అర్థమవుతోందని తనలో తాను మురిసిపోయినందుకు.

"అన్నా... అంచు తెగితే?"

"ఏందే?"

"రెండిటికి లంకె ఉంటదా?"

"ఉండదు. నీకెందుకే?"

నీల గోడ వదిలింది. బొమ్మ మీదుగా నడింటి మధ్యలోకి నడిచింది. నీళ్లు తొణికి గీతలు చెరిగాయి. సార్లు కాళ్లు కుర్చీల పైకి తీసుకున్నారు.

"సిగ్గున్నదానే నీకు?" వదిన కేకేసింది.

"శానా ఉన్నది వదినా," అని నీల బకెట్ అక్కడే దించి, వట్టి చేతులతో వరండాలోకి పోయింది.

మైలపడ్డ ఆ బకెట్‌ను ముట్టుకోవడానికి ఎవరూ కదల్లేదు. వదిన దాన్ని దాటుకుంటూ వచ్చి, ఓనరమ్మ కంట పడకుండా వీధి తలుపు వేసింది.