పరదా ఇవతలి మానిటర్

అమరేందర్ సార్ ల్యాప్‌టాప్ పరదాకు అవతల, మానిటర్ ఇవతల. రెంటినీ కలుపుతూ పరదా కింద నుంచి ఒక నల్లటి కేబుల్. తొంభై తొమ్మిదిలో కల్వకుర్తిలో, మా ఇంట్లో, నేను కంప్యూటర్ నేర్చుకోవడానికి కుదిరిన ఒప్పందం ఇది. ముందు గదిలో సార్ చేసేదంతా లోపలి గదిలో నేను మానిటర్ మీద చూడాలి. ఇవాళ కుదిరితే రోజూ పాఠం, కుదరకపోతే ఇంక ఆ మాటే ఎత్తొద్దని మా నాన్న కరీం తెగేసి చెప్పాడు. హైదరాబాద్ పంపడు. ఇంటికొచ్చి నేర్పే సారు ఇంకొకరు దొరకరు.

మా దాదీమా, నాన్న వాళ్లమ్మ లాడ్లీ బేగం, ఇంకో షరతు పెట్టింది. నా గొంతు బయటివాళ్లకు వినపడొద్దు. నేను చెవిలో చెబితే ఆమె పైకి చెబుతుంది. ముసలి గొంతుకు పరదా అక్కర్లేదట! ఇదేం న్యాయమో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

సార్‌ది లినక్స్, విండోస్ లాగా కంప్యూటర్‌ను నడిపేది. ఏదో పత్రికతో వచ్చిన సీడీ నుంచి ఎక్కించుకున్నాడు. బొమ్మను ఎంత వేగంగా గీస్తే మానిటర్ తట్టుకుంటుందో దానికి మనమే చెప్పాలి. మా మానిటర్ చూస్తే చిన్నాన్న ప్రెస్సులో మూలనపడ్డ పాతది. వేగం ఎక్కువైతే కాలిపోతుందని సార్ ముందే హెచ్చరించాడు.

"బొమ్మ ఊగినా, కీచుమన్నా వెంటనే చెప్పాలె. నాకు ల్యాప్‌టాపే కనపడ్తది, అది మంచిగనే ఉంటది," అన్నాడు. "ఇప్పుడు ఏమన్న వచ్చిందా అమ్మా?"

మానిటర్ తెర నల్లగా ఉంది. "ఏం రాలేదు," అని దాదీమా చెవిలో అన్నాను.

"వస్తది బేటా, ఫికర్ చెయ్యకు," అంది దాదీమా సార్‌కు వినపడేలా.

నాకు ఒళ్లు మండింది. ఇదేం జవాబు? కానీ ఆమె అంతే. ఇంటికొచ్చిన మెహమాన్ పనికి వంక పెట్టడమంటే ఆమెకు వాళ్ల మొహాన తలుపు వేసినట్టే.

సార్ ఏవో మీటలు నొక్కాడు. మానిటర్ టిక్కుమంది. బొమ్మ వచ్చింది గానీ అడ్డంగా చీలిపోయి, ఆగకుండా పైకి పరుగెత్తుతోంది.

"ఇప్పుడెట్లుందమ్మా?"

"చీలిపోతాందని చెప్పు, ఊగుతాందని చెప్పు," అని దాదీమా చెయ్యి పట్టుకుని ఊపాను.

"మంచిగొచ్చింది బేటా. జరంత ఊగుతాంది, గంతే."

"జరంతే అయితే కుదురుకుంటది," అని సార్ పాఠం మొదలుపెట్టాడు. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న నాన్న "వాహ్" అంటున్నాడు. ఆయన ముందు అంతా సవ్యంగానే ఉంది మరి!

అప్పుడు మొదలైంది కీచు. సన్నగా, చెవిలో సూది గుచ్చినట్టు. దాదీమాకు అది వినపడటం లేదు. దుమ్ము మాడుతున్న వాసన కూడా వచ్చింది. ఆపేద్దామంటే మానిటర్ మీట ఎప్పుడో ఊడిపోయింది, ప్లగ్గేమో ముందు గదిలో ఉంది.

"దాదీమా, చెప్పు!"

"ఆగు. ఆయన మాట్లాడుతున్నడు, నడుమ అడ్డం పడొద్దు."

కీచు ఇంకా పెరిగింది. మానిటర్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. ఇది పోతే నా చదువూ పోయినట్టే. నోరు విప్పితే కూడా పోయినట్టే. భయం కంటే నాకు కోపమే ఎక్కువ వచ్చింది.

"సార్! ఆపుండ్రి! కాలిపోతాంది!"

అవతల మీటలు టకటకలాడాయి. కీచు ఆగిపోయింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు మిగిలాయి. నాన్న కుర్చీ కిర్రుమంది. దాదీమా నావైపు చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. నా చేతులారా చెడగొట్టుకున్నాననుకున్నాను.

చివరికి సార్ నాన్నతో అన్నాడు: "కరీం భాయ్, మంచిగుందంటే నేను నమ్మిన. ఇంకా జరసేపైతే మానిటర్ ఖతమయ్యేది. వేగం తగ్గిస్త. కానీ ఉన్నదున్నట్టు చెప్పేటోళ్లు లేకుంటే నాతోటి కాదు."

ఆయన ఫైలు తెరిచి అంకెలు మార్చాడు. మానిటర్ మళ్లీ టిక్కుమంది.

"ఇప్పుడెట్లుంది?"

'అమ్మా' అనలేదు. ఎవరిని అడిగాడో ముగ్గురికీ తెలుసు. దాదీమా తల తిప్పుకుని పరదా అంచు సర్దింది. నేను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. రోడ్డు మీద శ్రీశైలం బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

"వజీరా," అన్నాడు నాన్న.

బయటి మగవాళ్ల ముందు ఆయన ఎప్పుడూ నా పేరు ఎత్తలేదు. ఎంతసేపూ 'మా బచ్చీ' అనేవాడు.

"వజీరా, సార్ అడుగుతున్నరు. చెప్పు బిడ్డా."

కళ్లు తుడుచుకుని మానిటర్ దగ్గరికి జరిగాను.

"బొమ్మ నిలబడ్డది సార్," అన్నాను, పరదా దాటి గట్టిగా వినపడేటట్టు. "కానీ కుడిపక్క అంచు తెగిపోతాంది. జర సరిచెయ్యుండ్రి."