మిసెస్ లాంగ్లీ మాటలు

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోయి లోకం మునిగిపోతుందన్నారు. లోకం నిక్షేపంలా ఉంది, మునిగింది ఐజాక్ ఉద్యోగం. ఆ కంప్యూటర్లు సరిచేసే పని కోసమే ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కి పిలిపించుకున్న కంపెనీ, పని కాగానే అతన్ని కూరలో కరివేపాకులా తీసి పారేసింది. గోరుచుట్టు మీద రోకలి పోటులా వీసా గడువూ దగ్గర పడింది. ఇక అతని భార్య వసంతకుమారి ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కి నర్సుగా రిజిస్టరైతేనే ఆ సంసారానికి ఈ దేశంలో నిలవ నీడ.

పాలకొల్లు మిషనాసుపత్రిలో పేరున్న నర్సు వసంత. ఇక్కడ బ్రిస్బేన్ దగ్గరి టూవూంబా ఊళ్ళో, ఒక వృద్ధుల హోమ్‌లో, ముసలివాళ్ళకి తినిపించి ఒళ్ళు తుడిచే ఆయా. ఇంజెక్షన్ చెయ్యడానికి ఆమెకొచ్చిన ఇంగ్లీషు చాలు. పరీక్షకి చాలదట, దానికి బరువైన మాటలు కావాలట.

ఆ మాటలు ఆ హోమ్‌లోనే ఉండే మిసెస్ లాంగ్లీ దగ్గర దొరికాయి. ఆవిడ ఒకప్పుడు హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది గానీ నోరు పడిపోలేదు. మధ్యాహ్నం టీ అయ్యాక పేపర్లో పదకేళి చదివించుకునేది. వచ్చిన ప్రతి పెద్ద మాటనీ వసంత చేత పలికించి, వాక్యంలో పెట్టించి గానీ వదిలేది కాదు. వసంతకి ఆవిడంటే భయమూ, ప్రేమా.

ఆవిడ నోట మొదట పోయిన మాట 'రిలక్టెంట్'. మనసొప్పక చేసే పనికి ఆ మాట వాడాలని ఆవిడే నేర్పింది. వారం తిరక్కుండా, మందు వద్దని మొహం తిప్పుకుంటూ ఆ మాట కోసమే తడుముకుంది. వసంత అందించింది. ఆవిడ ఎన్నడూ వినని మాటలా చూసింది. తర్వాత దిగులుకి వాడే 'మెలాంకలీ' పోయింది, దాని వెనకే దయగలవాళ్ళకి వాడే 'బెనెవొలెంట్'. ఈమె నోట ఏ మాట కుదురుకుంటే అది ఆవిడ నోట లేకుండా పోతోంది. వసంత గుండెల్లో రాయి పడింది.

"ఏవండీ, ఆవిడ మాటలు నాకొచ్చేస్తన్నాయండి," అంది ఐజాక్‌తో.

అతను నవ్వలేదు. "స్ట్రోక్ పేషెంట్‌కి మాటలు పోవడం నర్సువి, నీకు తెలీదా? ఎగ్జామ్ టెన్షన్‌లో ఏదేదో ఊహించుకోకు," అన్నాడు.

తెలుసు. తెలిసినా భయం పోతుందా? మర్నాటి నుంచి పదకేళి మానేసి, పేపరు దాచి, వాతావరణం గురించి మాట్లాడింది. మిసెస్ లాంగ్లీ ఊరుకుంటేనా. ఎడంచేత్తో బల్ల బాది, పేపరు తెప్పించి, వసంత ఒళ్ళో పెట్టింది. అప్పటికి ఆవిడకి మిగిలినవి గుప్పెడు మాటలు.

"మోర్," అంది.

వసంత చదివింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయినవాళ్ళు ఏం చేస్తారు? ఏడుస్తూ చదివింది, చదివినదల్లా వచ్చేసింది.

పరీక్ష పాసైంది. దేవుడు చేసిన మేలు గురించి చర్చిలో సాక్ష్యం చెప్తానని ఐజాక్ సంబరపడ్డాడు. వసంత నేరుగా హోమ్‌కి పరిగెత్తింది. మిసెస్ లాంగ్లీ దిండుకి ఆనుకుని ఉంది. వసంత సంగతి చెప్పింది. ఆవిడ నోరు తెరిచింది, పెదాలు కదిలాయి, ఒక్క మాటా రాలేదు. అయినా నవ్వింది. ఆ నవ్వు వసంత భరించలేకపోయింది.

క్షమించమని అడగాలనిపించింది. ఇంగ్లీషులో అడగడమంటే దొంగిలించిన సొమ్ముతోనే దొంగతనానికి పరిహారం కట్టడం. అందుకని మంచం పక్కన మోకరించి, పుట్టినప్పటి నుంచీ ప్రార్థన చేసిన భాషలోనే మొదలుపెట్టింది.

"ప్రభువా, నన్ను..."

తర్వాతి మాట రాలేదు. రోజూ పొద్దునా సాయంత్రం అన్న మాటే. నోరు తెరుచుకుని వెతుక్కుంది, మిసెస్ లాంగ్లీ వెతుక్కున్నట్టే. తెలుగులో ఆ చోటు ఖాళీగా ఉంది. ఇంగ్లీషు మాట మాత్రం నాలుక మీద సిద్ధంగా ఉంది, మిసెస్ లాంగ్లీ గొంతుతో.