పది నిమిషాల నీళ్లు

బావగారికి జుట్టు రాలుతోంది. రాలేది ఆయన జుట్టు, ఆయన ఇష్టం, మధ్యలో ఎవరికేం? కానీ తప్పంతా ఉప్పు నీళ్లదని ఎవరో ఆయన చెవిన వేశారు. ఇంకేముంది, కొత్తింట్లో మోటారు పంపు పక్కనే ఉప్పు నీళ్లను మెత్తబరిచే సాఫ్ట్‌నర్ ఒకటి, బీరువా అంతది, తెచ్చి బిగించేశారు. ఎవరినీ అడగలేదు. ఆ ఇంటి స్ప్రింక్లర్లకు లెక్కలు వేసింది సొంత మరదలే అయినా ఆమెనూ అడగలేదు.

మరదలి ఉద్యోగమే అది. ఇల్లంటుకుంటే కప్పులోంచి నీళ్లు వాటంతటవే చిమ్మాలి. అవి ఎన్ని రావాలి, ఏ పైపులో ఎంత ఒత్తిడి తగ్గుతుంది, పై అంతస్తుకు ఎక్కేసరికి ఎంత మిగులుతుంది అని పొద్దస్తమానం ఇవే లెక్కలు. పంపుకు అన్నిటికంటే దూరంగా, ఎత్తుగా ఉన్న గదిని పట్టుకుంటారు. అక్కడ రెండు స్ప్రింక్లర్లు ఒకేసారి తెరుచుకున్నా నీళ్లు సరిపోతే మిగతా ఇంటికి దిగుల్లేదు. ఈ ఇంట్లో ఆ గది అత్తయ్యది, అంటే బావగారి తల్లిది. ఆవిడకు కాళ్లు పనిచేయవు. చక్రాల కుర్చీలో ఉంటుంది కనుక ఇంట్లోనే లిఫ్టు పెట్టించారు. నిప్పంటుకుంటే లిఫ్టు ఎక్కకూడదు కదా, అప్పుడు ఆవిడకు దిక్కు ఆ కప్పులోని నీళ్లే. అందుకే మరదలు ఆ గది లెక్కను మళ్లీ మళ్లీ సరిచూసుకుంది.

సామాను లారీ వచ్చిన రోజు పొద్దున్నే ఆఖరి పరీక్ష పెట్టుకుంది. అత్తయ్య గదిలోని రెండు స్ప్రింక్లర్లూ విప్పి, వాటి చోట గొట్టాలు తగిలించి, ఒక్కోదాన్ని ఒక్కో డ్రమ్ములోకి వదిలింది. డ్రమ్ములకు సుద్దముక్కతో గీతలు గీసింది. నిమిషం తిరిగేసరికి నీళ్లు గీతను తాకాలి. వాల్వు తిప్పింది. మొదటి డ్రమ్ములో నీళ్లు గీతకు నాలుగు వేళ్ల కింద ఆగాయి. రెండోది, సరిగ్గా మంచం మీదికి వచ్చేది, సగం కూడా రాలేదు.

తన లెక్కే తప్పిందేమోనని పైపు వెంబడి చూసుకుంటూ కింద దాకా వచ్చింది. అక్కడ సాఫ్ట్‌నర్ దర్జాగా కూర్చుని ఉంది. పంపు నీళ్లన్నీ దాని పొట్టలోంచే పోతున్నాయి.

“బావా, ఇదెప్పుడు పెట్టించారు?”

“మొన్ననే. ఎలా ఉంది?”

“బ్రహ్మాండంగా ఉంది. పైకి పోవాల్సిన ప్రెషరంతా ఇదే మింగేస్తోంది. స్ప్రింక్లర్ల పైపు దీనికి ముందే విడిపోవాలి. ఆ గోడ పగలగొట్టాలి.”

“టైల్స్ వేసిన గోడనా? సామాను గుమ్మంలో పెట్టుకునా? నీకేమైనా మతి పోయిందా?” అని బావగారు ఎగిరిపడ్డారు. తర్వాత గొంతు తగ్గించారు. “నీ లెక్కేగా, ఆ అంకెలేవో కాస్త అటూ ఇటూ చేసెయ్. నిప్పూ లేదు, గిప్పూ లేదు.”

“మనం రాసుకున్నంత మాత్రాన నీళ్లు రావు బావా.”

అక్క మధ్యలో దూరింది. “పోనీలేవే, ఈ పూట గొడవెందుకు? తర్వాత చూద్దాం.”

మరదలికి ఒళ్లు మండింది. “నీకేం, నీ గది కిందే. పైన పడుకునేది అత్తయ్య.”

ఇంతలో లిఫ్టు తలుపు తెరుచుకుంది. పైన డ్రమ్ముల దగ్గర కూర్చుని అంతా వింటూనే ఉందేమో, అత్తయ్య కుర్చీ దొర్లించుకుంటూ వచ్చింది.

“ఆ సగం నిండింది నా మంచం మీదిదేనా అమ్మాయ్?”

“అవునత్తయ్యా.”

ఆవిడ కొడుకు వంక చూసింది. బావగారు మేస్త్రీకి ఫోన్ చేశారు.

గోడ పగిలింది. మధ్యాహ్నానికి స్ప్రింక్లర్ల పైపు విడిగా పడింది. అందరూ పైకి వెళ్లి మళ్లీ వాల్వు తిప్పి చూశారు. ఈసారి రెండు డ్రమ్ములూ గీత దాటాయి. అంతా తానే కనిపెట్టినట్టు బావగారు మీసం దువ్వుకున్నారు.

“చూశావా అమ్మా! ఇక నీ గదిలో నిప్పు పుట్టినా బతకదు.”

అత్తయ్య డ్రమ్ములోకి తొంగి చూసింది. “ఎంతసేపు పడతాయి అమ్మాయ్ ఇవి?”

“పది నిమిషాలత్తయ్యా. ట్యాంకు అంతకే.”

“ఆ తర్వాత?”

“ఈలోపే మంట ఆరిపోవచ్చు కూడా. కానీ ఆర్పేస్తాయని కాదు మేం లెక్క వేసేది. ఆ పది నిమిషాల్లో ఇంట్లోవాళ్లు మెట్లు దిగి...”

మరదలు ప్రతి పైపునూ, ప్రతి వంపునూ లెక్కలోకి తెచ్చింది. నీళ్లు పైకెలా ఎక్కాలో ఇన్నాళ్లూ చూసుకుంది కానీ, ఈ మనిషి కిందికెలా దిగాలో ఒక్కసారైనా అనుకోలేదు. ఆమెకు తలెత్తబుద్ధి కాలేదు.

“నేను ఎత్తుకుని దింపనూ?” అన్నారు బావగారు.

“నెలలో సగం రోజులు నువ్వు ఇంట్లోనే ఉండవు కదరా. కోడలు నన్ను మోయలేదు.” అత్తయ్య గొంతులో కోపం లేదు. అందుకే వినడం కష్టమైంది. “పైనయితే గాలీ వెలుతురూ అన్నావు, సరే అన్నాను. కింద గది నీ ఆఫీసుకి కావాలని నాకు తెలియదా? వచ్చినవాళ్లకి నీ పెద్ద బల్ల కనబడాలిగా.”

కింద లారీ దగ్గర కూలీలు ఆ బల్లనే దించుతున్నట్టున్నారు, ఒకరినొకరు కేకలేసుకుంటున్నారు. బావగారు కిటికీలోంచి తల బయటపెట్టారు.

“ఒరేయ్, ఆ బల్ల కింద గదిలో పెట్టకండి. పైకి తీసుకురండి.”

“ఇంత బరువు మెట్ల మీదా సార్?”

“మెట్ల మీదే!”

వెనక్కి వచ్చి తల్లి కుర్చీ పట్టుకున్నారు. “పద అమ్మా, కింద నీ మంచం ఎటువైపు వేయాలో నువ్వే చెబుదువుగాని,” అంటూ కుర్చీని లిఫ్టు వైపు తిప్పారు.