ఆ మూల తవ్వకండి

"ఆ మూల తవ్వకు నాయనా. అక్కడ బిడ్డ ఉంది," అంది అట్రాక్టా.

"గడ్డా?" అన్నాడు కోర్మక్ మాస్టారు, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "గడ్డ ఉంటే ఏమైందమ్మా, మా దగ్గర గడ్డపార ఉంది."

వెనక నిలబడ్డ ప్లంబర్లు గొల్లుమన్నారు. "ఏం గడ్డో కనుక్కోండి మాస్టారూ, ఆలుగడ్డయితే మధ్యాహ్నానికి ఉడకేసుకుందాం," అన్నాడు పాషల్. ఆలుగడ్డే అన్నమైన మేయో జిల్లాలో దాని మీద వేసిన జోకు ఎప్పుడూ వృథా పోదు. మళ్ళీ నవ్వారు.

తప్పంతా మాస్టారిదని కూడా అనలేం. ఏళ్ళ తరబడి రాళ్ళు పగలగొట్టే యంత్రం పక్కన నిలబడి ఆయన కుడి చెవి ఏనాడో పదవీ విరమణ చేసింది. ఎడమ చెవి సగం జీతం మీద నెట్టుకొస్తోంది. పెరట్లో జేసీబీ గుడగుడలాడుతోంది. అట్రాక్టా కట్టుడు పళ్ళు వంటింటి కిటికీలో గ్లాసులో మునిగి ఉన్నాయి. పళ్ళు లేని నోటి మాట చెవి లేని మనిషి చేతిలో పడితే ఇంకేమవుతుంది?

"ఏం లేదులే," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

యాభై ఏళ్ళకు పైగా ఆ మాట ఆవిడ నోట రాలేదు. ఇవాళ ఒక్కసారి వచ్చి, వచ్చినంతసేపట్లోనే నవ్వులపాలయింది.

ఆ మూలలో బిడ్డ ఉన్న మాట నిజం. పెళ్ళయిన రెండో ఏడు పుట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు. ఫాదర్ వచ్చి నెత్తిన నాలుగు చుక్కలు చల్లే లోపలే అయిపోయింది. ఆ రోజుల్లో జ్ఞానస్నానం కాని బిడ్డకు చర్చి శ్మశానంలో చోటు లేదు. అలాంటి పసికందుల్ని పొద్దుగుంకాక తండ్రులే తీసుకెళ్ళి, ఏ పొలం గట్టు పక్కనో పెట్టి, పైన కాసిని తెల్లరాళ్ళు ఉంచి వచ్చేవాళ్ళు. తల్లులు వెళ్ళకూడదు. ఆవిడ భర్త జార్లత్ వెన్న వచ్చే చెక్కపెట్టెలో పెట్టి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు మోకాళ్ళకు మట్టి ఉంది.

"ఎక్కడ?" అని మంచం మీంచి అడిగింది.

"మూల," అన్నాడు. ఆ ఒక్క మాటే. మళ్ళీ ఆ ప్రస్తావన ఆ ఇంట్లో రాలేదు. ఆ తర్వాత ఆవిడ కడుపు పండనూ లేదు. జార్లత్ బతికున్నన్నాళ్ళూ ఆ మూలకు నాగలి పోనివ్వలేదు, ఆవునీ పోనివ్వలేదు. మూలేమో చిన్నది కాదు. గట్టు మీద తెల్లపూల ముళ్ళచెట్టు ఒకటి ఉంది కాబట్టి, దాని కిందే అయి ఉంటుందని అట్రాక్టా అనుకుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఎవరూ చూడకుండా కాసేపు ఆ చెట్టు దగ్గర నిలబడి వచ్చేది. జార్లత్ పోయాక ఎవరైనా చూసినా నిలబడేది.

అంతకాలం మరుగున ఉన్నది ఇప్పుడు మురుగు మూలంగా బయటపడేట్టుంది. ఇంటి వెనక పాత రాతి గుంతలోంచి మురుగు నేరుగా వాగులో కలుస్తోందని జిల్లా ఆఫీసు వాళ్ళు తేల్చారు. ఇకమీదట మురుగు ముందు ఒక తొట్టెలో ఆగాలి. బురద అడుగుకు దిగి, జిడ్డు పైకి తేలి, మధ్యనున్న తేటనీరు చిల్లుల గొట్టాల గుండా నేలలోకి ఇంకాలి. ప్లంబర్లకు ఆ పని నేర్పే బడి వాళ్ళు అభ్యాసానికి ఒక ఇల్లు వెతుకుతున్నారని తెలిసి, అట్రాక్టాయే వాళ్ళను పిలిచింది. వాళ్ళకు పాఠం, తనకు ఊరికే కొత్త తొట్టె. రొట్టె, టీ ఆవిడ ఖర్చు. బేరం బాగానే ఉందనుకుంది. తీరా వాళ్ళు టేపు పట్టుకుని ఇంటికింత దూరం, బావికింత దూరం, వాగుకింత దూరం అని కొలుస్తూ కొలుస్తూ, వదిలి వదిలి, చివరికి ఆ మూలలో మేకు దిగ్గొట్టారు.

పెరట్లో కొత్త తొట్టె వెల్లకిలా పడి ఉంది. నల్లటిది, గుండ్రటి అడుగుది, గాలికి అటూ ఇటూ ఊగుతోంది. తొట్టె ఉయ్యాల తొట్టెలలా ఊగడం చూడలేక అట్రాక్టా కిటికీ తెర లాగేసింది.

తెర అడ్డం వేసినా మాస్టారి గొంతుకు అడ్డేముంది? సరిగా వినపడని మనిషి కాబట్టి అందరికీ వినపడేట్టు మాట్లాడతాడు. ఆవిడ సోడా రొట్టె కోసి వెన్న రాస్తుంటే పాఠమంతా వంటింట్లోకే వచ్చింది.

"ముందు నేలను పరీక్షించే గుంత ఒకటి తవ్వాలి. దాని గోడ నున్నగా ఉందా, మీ చదువు సున్నా. పారతో నొక్కితే మట్టి మూసుకుపోతుంది. నీళ్ళు దిగవు. మంచి నేల కూడా చెడ్డదని అబద్ధం చెబుతుంది. అందుకే ఇనప బ్రష్షుతో గీకండి, గరుకుగా ఉండాలి. ఇవాళ నీళ్ళు పోసి నాననిద్దాం. రేపు మళ్ళీ పోసి ఎంతసేపట్లో దిగుతాయో చూద్దాం. దిగితే రేపే జేసీబీతో మూలంతా గొట్టాలకు కందకాలు తవ్వేస్తాం. దిగకపోతే ఈ మూల వదిలేసి, ఆ నీళ్ళు వడకట్టడానికి ఇంటి ముందు ఇసక దిబ్బ కట్టుకోవాల్సిందే."

వెన్న మీద కత్తి ఆగిపోయింది.

గుంత తవ్వే వంతు మాలకీది. పొయ్యిలోకి చిత్తడినేల మట్టిగడ్డలు కోసి అమ్మే కంపెనీలో తలనెరిసేదాకా పనిచేశాడు. కంపెనీ మూతపడ్డాక ఈ పని నేర్చుకుంటున్నాడు. నిరుడు ఇదే పరీక్ష తప్పాడు. ఈసారీ తప్పితే మూడోసారి చేర్చుకోరు. ఇంటి అప్పు వాయిదాలు ఆగిపోయిన సంగతి తప్ప అతని గురించి అందరూ అన్నీ మాట్లాడుతున్నారు.

తెర సందులోంచి అట్రాక్టా చూస్తూనే ఉంది. నాలుగు పారలు తీశాక మాలకీ ఆగాడు. మోకాళ్ళ మీద కూచుని అరచేతిలో ఏదో పెట్టుకుని చూశాడు. ఇంటివైపు ఒకసారి చూశాడు. తర్వాత తవ్విందంతా చేత్తోనే పూడ్చి, మేకు పీకి అవతలగా పాతి, కొత్తగా మొదలెట్టాడు.

"ఏం బావా, గడ్డ తగిలిందా?" అని పాషల్ అరిచాడు.

"తగిలింది," అన్నాడు మాలకీ.

మోకాలు పట్టేసినట్టుంది పాపం, అనుకుంది అట్రాక్టా.

మర్నాడు తెల్లవారుతుండగానే ఆవిడ బకెట్టు పట్టుకుని వాగుకి వెళ్ళింది. ఒడ్డున నీలంగా, వెన్నలా మెత్తగా బంకమట్టి ఉంటుంది. చిన్నప్పుడు దాంతో బొమ్మలు చేసేది. బకెట్టు నింపుకుని, ఆగి ఆగి, మూలకు మోసుకొచ్చింది. గుంత పక్కన బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టి, గీకిన గోడలన్నిటికీ పూత పూసింది. మెల్లగా, ఒక్క గీత కూడా మిగలకుండా, వేళ్ళతో నిమురుతూ పూసింది. ఆ బిడ్డను ఆవిడ ముట్టుకోలేదు. మంత్రసాని గుడ్డలో చుట్టి మంచం అవతల నుంచే జార్లత్ చేతికిచ్చేసింది. ఒళ్ళు ఎంత మెత్తగా ఉండేదో తెలీదు.

"చలి వేస్తోందా?" అని అడిగింది, గుంతలోకి. తర్వాత లేచి, చుట్టూ చూసి, ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంది. గోళ్ళ సందుల్లో నీలం పోలేదు.

పది దాటాక గుంతలో నీళ్ళు పోశారు. అందరూ చుట్టూ మూగి చూశారు. నీళ్ళు దిగలేదు. మబ్బుల్ని చూపిస్తూ అద్దంలా నిలబడ్డాయి. పాషల్ రెండు జోకులు వేశాడు. మూడోది వేసేలోపు మాస్టారు చొక్కా చెయ్యి మడిచి గుంతలో పెట్టాడు. బయటికి తీసిన వేళ్ళు నీలంగా ఉన్నాయి.

"మీరంతా వెళ్ళి లారీలోంచి కంకర దించండి," అన్నాడు. వాళ్ళు తలలు దించుకుని ఇంటి ముందుకు వెళ్ళారు. మాలకీ ఒక్కడూ మిగిలాడు. వంటింట్లో ఒక్కతీ అట్రాక్టా.

గుంత నీళ్ళు మింగలేదు. మాలకీ నీళ్ళు నమిలాడు.

"గోడ గీకమన్నానా, తాపీ పని చెయ్యమన్నానా?" మాస్టారు ఎప్పటికంటే తగ్గించే మాట్లాడాననుకున్నాడు. కిటికీ అద్దం అదిరింది. "ఈ నీలం బంక ఈ నేలది కాదు. ఎక్కణ్ణించి వచ్చింది?"

మాలకీ గుంతలోకి చూశాడు. ఇంటి వైపు చూశాడు. తెర వెనక మనిషి ఉందని అతనికి తెలిసినట్టే ఉంది.

"వాగులో దిగొచ్చాను మాస్టారూ. బూట్లకు అంటుకొచ్చి ఉంటుంది. నాదే తప్పు."

"నిరుడూ ఇదే మాటన్నావు. నీతో కాదు మాలకీ. సాయంత్రం సంచి సర్దుకో. ఈ గోడలు నేనే గీకుతాను, మళ్ళీ నీళ్ళు పోస్తాను. ఈ నేల మంచిదని వాసన చూసి చెప్పగలను. మధ్యాహ్నానికి కందకాలు మొదలెట్టేస్తాం."

అట్రాక్టా గోళ్ళు చూసుకుంది. బిడ్డ దక్కలేదు, పైగా ఒకడి బతుకు మట్టయింది. గ్లాసులోంచి పళ్ళు తీసి పెట్టుకుంది. చర్చికి తప్ప ఆవిడ వాటిని పెట్టుకోదు. కోటు వేసుకుని బయటికి నడిచింది.

"నీకు ఏ చెవి వినపడుతుంది?" అని మాస్టారిని అడిగింది.

"ఎడమది, కాస్త. ఏమ్మా?"

ఆవిడ ఎడమవైపుకు వెళ్ళి నిలబడి చేతులు చాపింది. "అతన్నేం అనకు. పూసింది నేను. నిన్న నేను గడ్డ అనలేదు నాయనా. బిడ్డ అన్నాను. ఇక్కడ నా బిడ్డ ఉంది."

మాస్టారు చేతిలో ఇనప బ్రష్షు అలాగే ఉండిపోయింది. ఆవిడ మొత్తం చెప్పింది. వెన్న పెట్టె, మోకాళ్ళ మట్టి, మూల అన్న ఒక్క మాట. ఎక్కువసేపు పట్టలేదు. అంత కాలం దాచింది, ఇంత కొంచెమేనా అని ఆవిడకే అనిపించింది.

"సరిగ్గా ఎక్కడో తెలీదు. అందుకే మూలంతా వదలమని అడగాలనుకున్నాను," అంది. "ఆ ముళ్ళచెట్టు కిందే అనుకుంటాను."

మాలకీ టోపీ తీశాడు. "చెట్టు కింద కాదమ్మా."

ఆవిడ అతనివైపు తిరిగింది.

"నిన్న నా పారకు తెల్లరాళ్ళు తగిలాయి. ఇక్కడి రాళ్ళన్నీ బూడిద రంగువి. ఇవి ఎక్కణ్ణుంచో ఏరి తెచ్చినవి, గుండ్రంగా పేర్చి ఉన్నాయి. మా అమ్మకూ ఒకడున్నాడు, వాగు అవతల గట్టులో. చూడగానే తెలిసింది. ఎలా ఉన్నవి అలా పెట్టేసి, గుంత జరిపాను. మీకు చెప్పాలో వద్దో తెలియలేదు."

"చూపించు," అంది.

ముళ్ళచెట్టుకు దూరంగా, మూలకు ఆ చివర గట్టు తెగిన చోట, మాలకీ మోకాళ్ళ మీద కూచుని మట్టి పక్కకు నెట్టాడు. కోడిగుడ్డంత రాళ్ళు. సముద్రం దాకా నడిస్తే తప్ప అంత తెల్లటివి దొరకవు. జార్లత్ ఎప్పుడు వెళ్ళి తెచ్చాడో. ఎప్పుడూ ఏమీ మాట్లాడని మనిషి. అట్రాక్టా వాటిని వెంటనే ముట్టుకోలేదు. ముందు వెనక్కి తిరిగి ముళ్ళచెట్టు వైపు చూసింది. ఇన్నేళ్ళ ఆదివారాలు అక్కడ నిలబడింది, బిడ్డకు వీపు పెట్టి.

"వినపడి ఉంటుందంటావా, ఇంత దూరానికి?" అని అడిగింది.

"వినపడకేం," అన్నాడు మాలకీ. ఆవిడ అతని భుజం పట్టుకుని కిందికి కూచుంది.

మాస్టారు మేకు పీకేశాడు. గుంత పూడ్చాడు. టేపు తెచ్చి మాలకీ చేతిలో పెట్టి, "ఇంటి ముందు ఇసక దిబ్బ నువ్వే కొలవాలి. సంచి సంగతి మర్చిపో," అన్నాడు. తర్వాత ఆవిడ దగ్గర వంగి, "ఇంటి ముందు మీ ఆలుగడ్డల మడి దిబ్బ కింద పోతుందమ్మా," అన్నాడు.

"పోనీ," అంది అట్రాక్టా, రాళ్ళ మీంచి చెయ్యి తియ్యకుండా.

కంకర దించినవాళ్ళు ఒక్కొక్కరే మూలకు వచ్చారు. "మేకేది మాస్టారూ? గడ్డపార పనిచెయ్యలేదా?" అన్నాడు పాషల్. అని, కింద కూచున్న ఆవిణ్ణి చూసి, నవ్వు సగంలో ఆపాడు.

మాస్టారు గొంతు తగ్గించాలనే ప్రయత్నించాడు. జీవితంలో ఒక్కసారైనా మెల్లగా మాట్లాడాలని ఆయన మనస్ఫూర్తిగా కోరుకున్న రోజది. కానీ ఆయనకు తెలిసిన గొంతు ఒక్కటే.

"ఇక్కడ అట్రాక్టాగారి కూతురు ఉంది," అన్నాడు. ఆ మాట పొలం దాటింది, వాగు దాటింది. రోడ్డవతల గొర్రెల్ని తోలుకుపోతున్న పొరుగాయన ఆగి ఇటు తిరిగాడు.

"మాస్టారూ, కాస్త మెల్లగా," అన్నాడు మాలకీ.

"చెప్పనీ నాయనా," అంది అట్రాక్టా.

మాస్టారు చెప్పాడు. "నిన్న ఆవిడ బిడ్డ ఉంది అన్నారు. నేను గడ్డ అని విన్నాను. మీరు నవ్వింది నేను తప్పు విన్నదానికి. గడ్డ కాదు. బిడ్డ. ఆడపిల్ల. అందుకని ఈ మూల తవ్వం."

రోడ్డు మీద పొరుగాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.